పాళెము వెలుపల ఏడు దినాలు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయిన సంగతి పాఠకులెవ్వరూ మరచిపోయి ఉండరు. కింది ఇళ్లన్నీ నీళ్లలో, జనమంతా డాబాల మీద. కరెంటు లేదు, పసిపిల్లలకు పాలు లేవు, చుట్టూ నీళ్లే గాని త్రాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. హెలికాప్టర్లు వచ్చి ఆహారపు పొట్లాలు జారవిడుస్తుంటే పిల్లలు చేతులూపుతూ కేకలు వేశారు. మా సంఘానికి చెందిన ఒక మాజీ హవల్దారు మాత్రం ఆ చప్పుడు వినగానే లోపలి గదిలోకి పరుగెత్తి మంచం క్రింద దూరారు. అంతకు ముందు రెండు రోజులూ పీకల్లోతు నీళ్లలో దిగి వీధిలోని ముసలివాళ్లను భుజాన మోసుకువచ్చిన మనిషి ఆయనే! భార్య బ్రతిమాలితే బయటకు రాలేదు. కొడుకు మొదట నవ్వాడు, తండ్రి ముఖం చూశాక ఏడ్చాడు.

నీళ్లు తీసిన తరువాత మేము పరామర్శకు వెళ్లాము. ఆమె గుమ్మంలో బురద కడుగుతూ, చీపురు పట్టుకునే అడిగింది: "అయ్యగారూ, ఆయనకు ఏదైనా పట్టిందంటారా?"

ఈ ప్రశ్న మమ్మల్ని అడగడం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి అడిగినప్పుడు మేము చెప్పిన జవాబు తప్పు. ఆ సంగతి చెప్పకుండా ఈ వ్యాసంలో ముందుకు వెళ్లడం న్యాయం కాదు.

కార్గిల్ యుద్ధం 1999లో జరిగింది. అది ముగిసిన కొద్ది సంవత్సరాలకు, గుడివాడ వైపు ఒక పల్లె సంఘంలో మేము సేవ చేస్తున్న రోజుల్లో, పించను మీద ఊరు చేరిన నాయక్ ఒకాయన ఉండేవారు. రాత్రి నిద్ర పట్టక కాలవ కట్ట మీద తెల్లవార్లూ నడిచేవారు. పట్నంలో డాక్టరు మాత్రలు రాశాడు. ఒకనాడు ఆయన మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ఈ మాత్రలు వేసుకుంటే నాకు విశ్వాసం లేనట్టేనా?" అని అడిగారు. మాత్రలు పారవేయమని మేము చెప్పలేదు. "ముందు మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థన చేయండి, ప్రభువు చాలినవాడు" అన్నాము. ఆయన అర్థం చేసుకోవలసిందే అర్థం చేసుకున్నారు. మాత్రలు గూట్లోకి వెళ్లాయి. నాలుగు నెలలు గడవకముందే ఒక ఆదివారం తెల్లవారుజామున, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారన్న కబురు వచ్చింది.

తరువాత జరిగింది ఇంకా బాధాకరం. సమాధుల తోటలో చోటు ఇవ్వాలా వద్దా అని సంఘ పెద్దలు రెండు గంటలసేపు వాదించుకున్నారు. అక్కడ వసారాలో శవం, ప్రక్కనే తెల్ల రంగుతో పేరూ నంబరూ రాసి ఉన్న ఆయన నల్ల ట్రంకు పెట్టె. ఇక్కడ మా మందిరంలో చర్చ! చివరికి కంచె వారగా ఒక మూల ఇచ్చారు. మేము ప్రార్థన చేశాము గాని వాక్యం చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

2017లో వచ్చి 2018 మే 29 నుండి అమలైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనికి వైద్యం, ఆదరణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షను లేదు. చట్టం తన మాట మార్చుకుంది. మన సంఘ పెద్దల సమావేశాల్లోకి ఆ మార్పు వచ్చిందా? ఎన్ని సమాధుల తోటల్లో ఇంకా కంచె వారన ఒక మూల వేరుగా ఉందో మన పాఠకులకే తెలుసు.

మేము సెమినరీలో చదివిన రోజుల్లో హెబ్రీ, గ్రీకు శ్రద్ధగా నేర్చుకున్నాము. పాస్టరల్ కౌన్సెలింగ్ అని ఒక పేపరు కూడా ఉండేది. దానిని పాసు మార్కులకు చదివాము. సంఖ్యాకాండము 31వ అధ్యాయం మీద ఒక పరీక్షలో వ్యాసం రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాము గాని, అందులో 19వ వచనం తరువాత ఉన్న సంగతి మా కంట పడడానికి ఆ నాయక్ గారి మరణం కావలసి వచ్చింది. యుద్ధం చేసి వచ్చినవారు నేరుగా గుడారాలకు పోరాదు. ఏడు దినాలు పాళెము వెలుపల ఉండాలి. మూడవ దినాన, ఏడవ దినాన శుద్ధి చేసుకోవాలి, బట్టలు ఉదుకుకోవాలి, ఆ తరువాతనే పాళెములోకి రావాలి. ఆ అధ్యాయంలో మనకు మింగుడుపడని సంగతులు చాలా ఉన్నాయి. వాటిని దాటవేయడం మా ఉద్దేశం కాదు, అవి మరొక వారం మాట్లాడుకోవలసినవి. కాని ఈ ఒక్క మాట గమనించండి. గెలిచి వచ్చినవాడు కూడా యుద్ధం నుండి ఇంటికి ఒక్క అడుగులో రాలేడని మోషే కాలంలోనే తెలుసు. మధ్యలో కొన్ని దినాలు కావాలి, అతనితో కూడా కొందరు ఉండాలి.

మనవాడు ఏ పాళెము వెలుపలా ఆగడు. జమ్మూలో రైలెక్కితే రెండు రాత్రులు గడిచేసరికి విజయవాడ స్టేషనులో దిగుతాడు. అక్కడి నుండి బస్సు పట్టుకుని ఉయ్యూరో, పామర్రో, అవనిగడ్డో. పదిహేను, పదిహేడు సంవత్సరాలు సర్వీసు చేసి నలభై నిండకుండానే పించనుతో వచ్చే జవాన్లు ఎందరో. సెలవుకు వచ్చిన భర్తతో సంసారం వేరు, శాశ్వతంగా వచ్చిన భర్తతో సంసారం వేరు అని మా సంఘంలో ఒక సహోదరి చెప్పింది. పిల్లల చదువులు, పొలం కౌలు, అత్తగారి ఆపరేషను అన్నీ ఆమె ఒంటిచేత్తో నడిపింది. ఇప్పుడు ఆయన వచ్చి తెల్లవారుజామున ఐదింటికి అందరూ లేవాలంటాడు. పిల్లలు తండ్రి మాట తల్లిని అడిగి వింటారు. అక్కడ పాతిక మందిని నడిపిన మనిషికి ఇక్కడ తన ఇంట్లోనే తన పని ఏమిటో తెలియదు. గట్టు తగాదాలో అన్నదమ్ములు మాట్లాడడం మానేసి ఉంటారు. సాయంత్రానికి మిలటరీ క్యాంటీను సీసా తోడవుతుంది. మొదట నిద్ర కోసం అంటాడు. నిజానికి మద్యం నిద్రను తెస్తున్నట్టు కనబడి నడిరాత్రికి చెడగొడుతుంది, మర్నాటికి మరి కాస్త ఎక్కువ కావాలంటుంది. మనం ఆ సీసాను చూసి ఆయనను ప్రభువు బల్ల నుండి దూరం పెడతాము. సీసా వెనుక ఉన్నదానిని అడగము.

మాజీ సైనికులందరూ ఇలాగే ఉంటారని ఎవరూ అనుకోవద్దు. ఎక్కువమంది చక్కగా ఉన్నారు. మా సంఘ లెక్కలు పైసాతో సహా సరిగా ఉన్నాయంటే అది ఒక రిటైర్డు సుబేదారు గారి పుణ్యమే. బాధపడేవారిలోనూ అందరిదీ యుద్ధపు గాయం కాదు. దిగులు జబ్బు, తాగుడు, ఇంటి కలహం, పని లేకపోవడం, ఇవే ఎక్కువ కనబడతాయి. యుద్ధపు గాయం ఉన్నవారి సంగతి మాత్రం వేరు. ప్రమాదం పోయినా శరీరం కాపలా మానదు. టైరు పేలితే, కుక్కరు కూత వేస్తే, డీజిలు వాసన వస్తే, ఒక్క క్షణంలో మనిషి సింగ్‌నగర్‌లో ఉండడు, ఎక్కడో కొండ మీద ఉంటాడు. గుర్తు రావడం కాదది, మళ్లీ జరగడం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, చార్లెస్ మయర్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు 'షెల్ షాక్' అనే పేరుతో దీనిని వైద్య పత్రికకు ఎక్కించాడు. ఇప్పటి డాక్టర్లు పీటీఎస్‌డీ అంటున్న పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ గ్రంథంలో చేర్చుకున్నది.

మన ప్రాంతానికి సైనికుడు క్రొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరమనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుండి 90 మంది, రెండవదానికి 1,110 మంది వెళ్లారని చెబుతారు. తిరిగి వచ్చినవారిని ఊరు గౌరవించింది, స్మారకం నిలబెట్టింది. రాత్రిళ్లు మీకేం కలలు వస్తున్నాయని అడిగే అలవాటు మాత్రం ఆ కాలానికి లేదు.

ఇప్పుడు అడిగేవారు వచ్చారు. గడచిన ఇరవై సంవత్సరాలలో ఈ విషయంలో జరిగిన మేలును మనం తక్కువ చేసి మాట్లాడకూడదు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. విజయవాడలోనే పాలీక్లినిక్ ఉంది. కార్డు ఉన్నవారిని, వారి మీద ఆధారపడిన కుటుంబాన్ని అక్కడ చూస్తారు, అవసరమైతే సైనిక ఆసుపత్రికో, ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికో పంపుతారు, మందులకు డబ్బు అడగరు. 2022 అక్టోబరు 10న 'టెలి మానస్' అనే ఫోను సేవ ప్రారంభమైంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. 2025 నాటికి దేశమంతటా 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. 2023 డిసెంబరు 1న పూణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో, సైనికులకూ వారి కుటుంబాలకూ దీని ప్రత్యేక విభాగం తెరిచారు. ఆరోగ్య బీమాలో మానసిక జబ్బులను తక్కిన జబ్బులతో సమానంగా చూడాలని 2017 చట్టమే చెబుతోంది.

అయితే ఈ మేలు ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగుతోంది. 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగినప్పుడు, దిగులు, ఆందోళన వంటి సాధారణ జబ్బులున్న పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఏ చికిత్సా అందనివారే. మన రాష్ట్రం ఆ పన్నెండింటిలో లేదు గాని, ఇక్కడి సంగతి అంతకంటే మెరుగని అనుకోవడానికి మాకు కారణం కనబడదు. దేశంలో లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. డబ్బుకు కొదవలేని అమెరికా సంగతి చూడండి. మాజీ సైనికుల కోసం ప్రత్యేక శాఖ, ఆసుపత్రులు, 2007 నుండి అత్యవసర ఫోను సేవ, అన్నీ ఉన్నాయి. అయినా 2022లో అక్కడ 6,400 మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో సగానికి పైగా చివరి రోజుల్లో ఆ శాఖ వైద్యం గడప తొక్కనివారే. అందుకే 2023 జనవరి నుండి, ప్రాణాల మీదకు వచ్చిన మాజీ సైనికుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఖర్చు ప్రభుత్వమే భరించేలా మార్చారు. ఆసుపత్రి ఉంటే చాలదు, చేయి పట్టుకుని అక్కడి దాకా నడిపించేవారు కావాలి.

సింగ్‌నగర్ గుమ్మంలో చీపురు పట్టుకుని అడిగిన ఆ తల్లికి మేము ఈసారి చెప్పిన జవాబు ఇది: "ఏదీ పట్టలేదమ్మా. జబ్బు చేసింది. జ్వరం వస్తే ఏం చేస్తామో అదే చేద్దాం. ప్రార్థన మానవద్దు, డాక్టరును మానవద్దు."

ఆమె ఒప్పుకుంది. ఆయన ఒప్పుకోలేదు. "నేనేమన్నా పిచ్చివాణ్నా అయ్యగారూ?" అన్నారు. నాలుగైదుసార్లు వెళ్లాక అసలు భయం బయటపడింది. ఆయన ఒక సంస్థ దగ్గర తుపాకీతో కాపలా ఉద్యోగం చేస్తున్నారు. పిచ్చి డాక్టరు చీటీ చేతికొస్తే లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది, కూతురు పెళ్లి సంబంధం పోతుంది. ఆ భయాలను మేము కొట్టివేయలేదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టం చెబుతున్నా, మన వీధులు ఆ చట్టం చదవలేదు కదా!

ఒక సాయంత్రం ప్రార్థన కూటం ముగిశాక, మందిరం ప్రక్క గదిలో ఆయన మా ఎదుటే 14416కు ఫోను చేశారు. మేము బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాము. నలభై నిమిషాల తరువాత వచ్చి, "ఎవరో అమ్మాయండీ, మా అమ్మాయి వయసుంటుంది. ఏ రెజిమెంటని అడిగింది" అన్నారు. అంతకు మించి చెప్పలేదు, మేమూ అడగలేదు. మర్నాటి వారం పాలీక్లినిక్, అక్కడి నుండి పెద్ద డాక్టరు. మాత్రలు మొదలుపెట్టిన రెండో వారంలో "ఇవి పనిచేయడం లేదు, మానేస్తా" అన్నారు. ఇక్కడే చాలామంది మానేస్తారు. ఈ మందులు తలనొప్పి బిళ్లల్లాంటివి కావు, గుణం కనబడడానికి రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కొక్కరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. తగ్గినట్టు అనిపించినా డాక్టరును అడగకుండా ఆపకూడదు. స్వస్థత కూటాల్లో చేతులెత్తించి మాత్రలు పారవేయించే సేవకులకు మేము చేతులు జోడించి మనవి చేస్తున్నాము: ఆ మనిషి మీ వేదిక దిగి వెళ్లిన తరువాతి నాలుగు నెలలు మీరు చూడరు. మేము చూశాము.

ఐదో వారానికి ఆయన వరుసగా నాలుగు గంటలు నిద్రపోయారని ఆమె ఫోను చేసి చెప్పింది. అంతా అయిపోయిందని మేము సంతోషించాము. తొందరపడ్డాము. ఆ దీపావళికి మళ్లీ మొదటికి వచ్చారు. తుపాకీ ఉద్యోగం ఇప్పట్లో వద్దని డాక్టరు చెప్పాడు, ఇంట్లో ఆ తుపాకీ ఉండకపోవడమే మంచిదన్నాడు. ఆయన ఇప్పుడు ఒక అపార్టుమెంటు దగ్గర చేతికర్రతో పనిచేస్తున్నారు. నెలకు కొన్ని వేలు తగ్గాయి. మందులు ఉచితమన్న మాట నిజమే గాని, వైద్యం ఆ ఇంటికి ఉచితంగా రాలేదు.

ఏలీయాను తలచుకోండి (1 రాజులు 19). కర్మెలు మీద అంతటి విజయం సాధించినవాడు, బదరీవృక్షం క్రింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు, పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. నీ ప్రయాణం నీ శక్తికి మించినదని దూత ఒప్పుకున్నాడు. ప్రశ్న అడిగింది ఆ తరువాత, నలభై దినాల ప్రయాణం ముగిశాకనే. మన సంఘాల్లో ప్రశ్న ముందు అడుగుతాము, రొట్టె తరువాత. ఒక్కొక్కసారి అదీ మరచిపోతాము.

ఇక్కడ వేలూరు మాట చెప్పాలి. మన సంఘాల్లో వేలూరు క్రైస్తవ వైద్యశాల పేరు తెలియని ఇల్లు ఉండదు. అక్కడ 1957లో మానసిక వైద్యం మొదలైనప్పటి నుండీ రోగితో పాటు ఇంటివారినీ ఉంచుకుని వైద్యం చేసే పద్ధతి పెట్టారు. అంతకు ముందే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, రోగుల బంధువులు ఉండడానికి ఆవరణలోనే డేరాలు వేయించాడు. ఆ డేరాలు ఎక్కడివో తెలుసా? సైన్యం దగ్గర తెచ్చుకున్నవి! ఇంటివారు దగ్గరుండి జబ్బును అర్థం చేసుకుంటే రోగి త్వరగా కోలుకుని ఇల్లు చేరుతున్నాడని ఆయన చూపించాడు. అంతవరకు ఆసుపత్రిలో వదిలేసి వెళ్లిన కుటుంబాలే ఎక్కువ.

డేరా వేయడానికి మన మందిరాల ఆవరణలో చోటు లేదంటారా? మేము చెప్పేది పెద్ద పనులు కాదు. మా సంఘంలో ఇప్పుడు నెలకోసారి మాజీ సైనికులు ముగ్గురు నలుగురు కూర్చుంటారు. వాక్యం చెప్పము. టీ ఇస్తాము. అన్యమతస్థులైన ఇద్దరు స్నేహితులు కూడా వస్తారు. ఎక్కువగా పించను బకాయిల గురించీ, క్యాంటీనులో దొరకని సరుకుల గురించీ మాట్లాడుకుంటారు. ఎప్పుడో ఒకసారి ఒకరు ఒక కొండ పేరు చెబుతారు, తక్కినవారు మౌనంగా ఉంటారు. భార్యలు వేరుగా స్త్రీల సమాజంలో కలుస్తారు. వారి మాటలు మా దాకా రావు. మా అమ్మగారు, అనగా మా ఇంటావిడ, చెప్పినంతవరకే తెలుసు.

ముందు ముందు ఈ కుర్చీలు ఎక్కువే కావలసి వస్తాయి. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో చేరినవారు నాలుగు సంవత్సరాలకు బయటకు వస్తారు. పాతిక శాతం మించి సైన్యంలో ఉంచుకోరు. తక్కినవారికి పించను లేదు, మాజీ సైనికుల ఆరోగ్య కార్డూ లేదు. ఇరవై అయిదేళ్లయినా నిండని పిల్లలు. ఆ పథకం మంచిచెడ్డలు మా విషయం కాదు. కాని పాలీక్లినిక్ తలుపు తెరవని ఆ పిల్లవాడికి 14416, జిల్లా ప్రభుత్వాసుపత్రి, ఆపైన మనము, ఇంతే మిగులుతాము.

గుడివాడ వైపు ఆ పల్లె సంఘంలో సమాధుల తోటకు క్రొత్తగా ప్రహరీ కట్టారు. కంచె వార మూల ఇప్పుడు లోపలి వైపే పడింది. నాయక్ గారి భార్య ఉన్నారు. క్రిందటి సంవత్సరం వెళ్లి, చాలా ఆలస్యంగా, ఆమెను క్షమాపణ అడిగాము. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, ఆ నల్ల ట్రంకు పెట్టె మీద ఉన్న బట్టల మూట తీసి, మమ్మల్ని దాని మీద కూర్చోమంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ, అందులో మనవడు చదువుకుంటున్నాడు.

క్రిస్మస్‌కు పది దినాల ముందు మా యౌవనస్థుల నాయకుడు వచ్చి, "అయ్యగారూ, టపాసులు ఎన్నింటికి కాలుస్తామో హవల్దారు అంకుల్‌కి ముందే చెప్పమంది ఆంటీ. అసలు మానేద్దామా?" అని అడిగాడు. వెళ్లి ఆయననే అడగమన్నాము. వాడు సైకిలు మీద వెళ్లి అరగంటలో తిరిగి వచ్చాడు. మానవద్దన్నారట. పదకొండున్నరకు కాల్చమన్నారట, పదకొండు ఇరవైకి ఎవరైనా వచ్చి ఆయన ప్రక్కన నిలబడితే చాలన్నారట.